గుమ్మం దగ్గర కుండ

ఆ వీధిలో రొట్టెలు కాల్చే బట్టీ ఒకటుంది. దాని వెనక గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. చలికాలంలో ఆ గోడకి వీపు ఆనించని మనిషి వీధిలో లేడు. ముసలివాళ్ళు ఆనిస్తారు, పిల్లులు ఆనిస్తాయి, పనికి పోయేవాళ్ళు పోతూ పోతూ రెండు అరచేతులూ ఆనించి పోతారు. గోడ దగ్గర చోటు కోసం పొద్దున్నే చిన్నచిన్న తగాదాలు కూడా అవుతుంటాయి. వాటిని తగాదాలని ఎవరూ అనుకోరు.

బట్టీ చూసుకునే ఆయన్ని అందరూ బట్టీ మామ అంటారు. ఆయన అసలు పేరు కట్టుకున్న పెళ్ళానికి కూడా గబుక్కున గుర్తు రాదు. కొడుకు పిండి పిసుకుతాడు, మామ కాలుస్తాడు. కాలిన రొట్టెలు కొడుకు సైకిలు మీద పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వేసి వస్తాడు. తొమ్మిదికల్లా ఆఖరి రొట్టె బయటికొచ్చేస్తుంది. అక్కడితో మామ పని అయిపోవాలి. చలికాలంలో అవదు.

రొట్టెలు తీసేశాక కూడా బట్టీలో మూడు నాలుగు గంటల వేడి ఉంటుంది. అది ఊరికే పోవడం ఎందుకని మామ పెళ్ళాం కాపురానికొచ్చిన ఏడు తన వంట కుండ ఒకటి అందులో పెట్టింది. పక్కింటావిడ చూసింది. మర్నాడు ఆవిడా ఒకటి తెచ్చింది. అలా అలా ముప్పై ఏళ్ళకి పదకొండు కుండలయ్యాయి. తొమ్మిదిన్నరకి ఎవరి కుండ వాళ్ళు తెస్తారు. పక్క వీధి మిల్లు పన్నెండున్నరకి కూత వేస్తుంది. కూత వినబడగానే ఎవరి కుండ వాళ్ళు పట్టుకుపోతారు. ఈ మధ్యలో ఆడవాళ్ళంతా బట్టీ ముందు బల్లమీద వెచ్చగా కూర్చుని లోకం మీద కబుర్లన్నీ చెప్పుకుంటారు. మగవాళ్ళలో గడియారాలు బాగుచేసే బాబాయి ఒక్కడే వస్తాడు. పెళ్ళాం పోయిన దగ్గర్నుంచి వంట ఆయనదే. కబుర్లలో ఆడవాళ్ళకి ఏమీ తీసిపోడు.

ఏ కుండ ఎక్కడ పెట్టాలో చెప్పేది మామ. మూకుడెత్తి చూస్తాడు. ఒకసారి వాసన చూస్తాడు. "లోపల" అంటాడు, లేదా "మధ్య" అంటాడు, లేదా "గుమ్మం" అంటాడు. గట్టి గింజలకీ ముదురు మాంసానికీ లోపల. తొందరగా ఉడికే దుంపలకీ కూరగాయలకీ గుమ్మం, అంటే బట్టీ నోటి దగ్గర. గుమ్మం దగ్గర వేడి ఒకవైపే తగులుతుంది కాబట్టి ఆ కుండ తాలూకు మనిషి గుడ్డ పట్టుకుని పక్కనే ఉండి, పావుగంటకోసారి కుండని కాస్త తిప్పుకోవాలి. తెచ్చింది ఎవరని మామ చూడడు, తెచ్చింది ఏమిటనే చూస్తాడు. కన్నతల్లి కుండనే ఒక చలికాలమంతా గుమ్మం దగ్గర పెట్టించిన మనిషి. అందుకే ముప్పై ఏళ్ళలో ఆయన మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. రోజంతా కలిపి ఆయన నోటివెంట వచ్చే మాటలు కూడా దాదాపు ఆ మూడే.

ఈ ఏడు కొడుక్కి పెళ్ళయింది. కోడలు వచ్చి రెండు నెలలు. ఆ పిల్లకీ నోట్లో నాలుక లేదు. అత్తగారు మొదటి వారమే ఇంటి కుండ కోడలి చేతిలో పెట్టేసింది.

"ఇంక ఇది నీది. ముప్పై ఏళ్ళు మోశాను, నా చేతులు విశ్రాంతి అడుగుతున్నాయి" అంది.

కోడలు దుంపలూ క్యారెట్లూ కోసి, కాసిని నీళ్ళు పోసి తెచ్చింది. మామ మూకుడెత్తి చూసి "గుమ్మం" అన్నాడు. న్యాయమైన మాటే. ఆ మధ్యాహ్నం దుంపలు సగం పచ్చిగా వచ్చాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. బల్లమీద వాళ్ళకి మంచి కబురు దొరికింది.

"కోడలు పిల్లా, ఈ రోజు దుంపలు కొరకాలా, కొట్టాలా?" అని అడిగేది కుట్టు పిన్ని. వీధి మొదట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నోటికి కత్తెరంత పదును.

"పిన్నీ, నువ్వు అలా అనకు. ఆ దుంపలతో మా ఇంటి గోడకి మేకులు దిగ్గొట్టుకున్నాను నేను" అనేవాడు గడియారాల బాబాయి.

కోడలు తల దించుకుని నవ్వేది. ఆ నవ్వు నిజం నవ్వా కాదా మామకి తెలిసేది కాదు. ఆయన బట్టీలోంచి రొట్టెలు తీసే పొడుగు పార తుడుచుకుంటూ వింటూ ఉండేవాడు. ఆయనకి ఆ పిల్ల అంటే ఇష్టం. ఎందుకిష్టమని అడిగితే చెప్పలేడు. వచ్చిన మూడో రోజునుంచీ ఆ పిల్ల ఆయన ఉన్ని టోపీని పొద్దున్నే వెచ్చ గోడమీద ఆరేసి ఉంచుతోంది. బట్టీ పనికి వెళ్ళేటప్పుడు అందిస్తుంది. తనే పెట్టానని చెప్పదు, ఆయన బాగుందని చెప్పడు. ఇద్దరికీ అలాగే బాగుంది.

చలి అయిపోవచ్చింది. పొద్దుటి చలి ఇంకా ఎముకల్లోకి పోతోంది కానీ మధ్యాహ్నానికి శాలువాలు భుజాలమీంచి ఒళ్ళోకి జారుతున్నాయి. ఇంకో పది రోజులు. ఆ తర్వాత బట్టీ దగ్గర ఎవరూ కూర్చోలేరు, ఎవరి పొయ్యి వాళ్ళదే. మళ్ళీ చలి వచ్చేదాకా ఈ బల్ల ఖాళీ. మామకి లోపల లోపల ఒకటే గుబులు. ఈ పది రోజుల్లో ఒక్కసారైనా కుండ బాగా రాకపోతే, ఆ పిల్ల ఈ వీధిలో ఏడాది పొడుగునా పచ్చి దుంపల కోడలే. ఈ వీధిలో పేరు పెట్టారంటే పోదు. కుట్టు పిన్ని పాతికేళ్ళ కిందట ఒక పెళ్ళికొడుకు చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టింది. ఈ రోజుకీ ఎదురొచ్చిన వాళ్ళు ఆవిడకి ఎడమ చేత్తోనే దణ్ణం పెడతారు. ఆవిడైతే నవ్వుతుంది. ఆ పిల్ల అలా నవ్వగలదా?

నాలుగు రోజులు మంచు ముసురు పట్టి, ఐదో రోజు ఎండ వచ్చింది. మామూలు ఎండ కాదు, ఒళ్ళు విరుచుకోబుద్ధయ్యే ఎండ. కుండలు లోపల పెట్టిన గంటన్నరకల్లా బల్లమీద వాళ్ళంతా లేచారు.

"ఈ రోజు బట్టీ ఎవడిక్కావాలి!" అంటూ కుట్టు పిన్ని ముందు నడిచింది. వెనకే అందరూ ఎదురింటి మెట్లమీదికి పోయి, ఎండకి మొహాలు ఎత్తి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. బట్టీ ముందు కోడలు ఒక్కతే మిగిలింది, గుడ్డ పట్టుకుని.

మామ ఆ పిల్ల వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను తిప్పుతాలే. నువ్వూ పోయి ఎండలో కూర్చో" అన్నాడు.

ఆయన తనతో అంత పొడుగు మాట మాట్లాడటం కోడలికి అదే మొదలు. కళ్ళింత చేసుకుని చూసింది. గుడ్డ ఆయన చేతికిచ్చి, మెట్ల దగ్గరికి పోయి ఒక చివర కూర్చుంది.

అప్పుడు మామ ఆ పని చేశాడు.

లోపల ఎడమ మూల పంతులమ్మ కుండ ఉంది. బట్టీ మొత్తానికి బాగా వేడి చోటు అదే. పంతులమ్మ బడి మానేసి పదిహేనేళ్ళయింది. పైన రెండు పళ్ళు, కింద మూడు. ఆవిడకి గింజలు వెన్నలా ఉడికితేనే తిండి. మామ పొడుగు పార లోపలికి తోసి ఆ కుండ బయటికి లాగాడు, గుమ్మం దగ్గర పెట్టాడు. కోడలి కుండ పారమీద పెట్టి లోపలికి తోశాడు, మూలకి. చేతులు తుడుచుకున్నాడు. గంటన్నర చాలు, కూత ముందు ఎక్కడివి అక్కడ పెట్టేస్తే ఎవరికీ తెలీదు. దుంపలు మెత్తబడతాయి. గింజలు అప్పటికి సగం ఉడికాయి కదా, మిగతాది గుమ్మం దగ్గర ఉడుకుతుంది. అనుకున్నాడు. ముప్పై ఏళ్ళు బట్టీ ముందు నిలబడ్డవాడు, దుంపల కుండలో నీళ్ళెన్ని ఉన్నాయని ఒక్కసారి మూకుడెత్తి చూడలేదు. ఎవరి కుండైనా చూస్తాడు, ఆ రోజు ఇంటి కుండ చూసుకోలేదు. మనసు వేరే దారిలో ఉంది.

కూతకి ఇంకా కాస్త టైముందనగా పార తోసి కోడలి కుండ లాగాడు. మూకుడు సందులోంచి సన్నగా పొగ వస్తోంది. మాడు వాసన. మామ మూకుడెత్తబోయాడు, అంతలో మిల్లు కూసింది. ఎదురింటి మెట్లమీద శాలువాలు దులుపుకుంటూ అందరూ లేస్తున్నారు. మామ చేతులు వాటంతటవే కదిలాయి. దుంపల కుండ గుమ్మం దగ్గర పెట్టేశాడు. గింజల కుండ మూలకి తోసేశాడు. పార గోడకి ఆనించాడు.

ఎవరి కుండ వాళ్ళు తీసుకున్నారు. పంతులమ్మ చెంచాతో నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది. చేతిలోకి ఊసి చూసుకుంది.

"ఇదేమిటి, రాళ్ళలా ఉన్నాయి! ఎడమ మూల పెట్టిన కుండేనా ఇది?"

అటుపక్క కోడలు మూకుడెత్తింది. పొగ ఒక్కసారి పైకి లేచింది.

"అమ్మాయ్, నిన్నటిదాకా పచ్చివి, ఈ రోజు బొగ్గులా!" అని గడియారాల బాబాయి మొదలెట్టాడు కానీ కుట్టు పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది. కుండలోకి వంగి చూసింది. చీర పనితనం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది గుమ్మం మాడు కాదు" అంది. "గుమ్మం దగ్గర మాడితే ముందువైపు మాడుతుంది. ఇది కింద, ఎడమ పక్క, గోడవైపు మాడింది. మూలలో మాడిన కుండ ఇలాగే ఉంటుంది. మా ఆయనకని పెట్టిన మాంసం కుండ ఇలా ఎన్నిసార్లు గోకాను నేను."

ఇక ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. మూల కుండ పచ్చిగా ఉంది, గుమ్మం కుండ మూలలో మాడింది. అందరి చూపులూ కోడలి మీద పడ్డాయి.

కోడలు మామ వంక చూసింది. ఒక్కసారే చూసింది. ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"నేనే మార్చాను" అంది కోడలు.

"నువ్వా!" అత్తగారు నోరు తెరిచింది. "ఆ పార నీకంటే పొడుగు కదే!"

"నేనే అత్తయ్యా. మీరంతా ఎండలో కళ్ళు మూసుకున్నప్పుడు, మామయ్య లోపలికి వెళ్ళినప్పుడు."

పంతులమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేది. చెంచా మూకుడుమీద పెట్టి మెల్లిగా అంది: "అడిగితే నేనే ఇద్దును కదమ్మా, ఆ చోటు. ముప్పై ఏళ్ళయింది మేమిక్కడ కుండలు పెట్టబట్టి. ఒకరి కుండమీద ఒకరు చెయ్యి వెయ్యలేదు. తాళం లేని ఇల్లులా ఉండేది ఈ బట్టీ." కుండ ఎత్తుకుంది. "రేపట్నుంచి నేను తేను. నా పొయ్యిమీదే ఉడకబెట్టుకుంటాను, ఎంత సేపైనా సరే."

రెండడుగులు వేసింది. ఎవరూ ఆపలేదు. కోడలు మాడిన కుండని పొట్టకి ఆనించుకుని నిలబడింది, వేడి తగులుతోందని కూడా తెలీనట్టు.

"ఆగు పంతులమ్మా" అన్నాడు మామ.

ఆ గొంతు ఎవరిదని అందరూ తల తిప్పి చూశారు.

"ఆ పిల్ల కాదు. నేను."

"ఏమిటయ్యా నువ్వు?" అంది పెళ్ళాం.

"మార్చింది నేను." టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నలిపాడు. మాటలు ఒక్కొక్కటీ కట్టెలు మోసినట్టు మోసుకొచ్చాడు. "రోజూ పచ్చిగా వస్తున్నాయి. మీరు నవ్వుతున్నారు. మీ నవ్వులో తప్పు లేదు. కానీ చలి అయిపోవచ్చింది. ఇంక ఐదారు రోజులే. తర్వాత ఆ పిల్లకి అదే పేరు ఉండిపోతుంది. ఒక్క రోజు బాగా వస్తే చాలనుకున్నాను. అందుకని మూలలో పెట్టాను. నీళ్ళు తక్కువున్నాయని చూసుకోలేదు. మీరు వచ్చేస్తున్నారని మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాను. అది ఇంకా పెద్ద తప్పు. ఈ పిల్ల తనమీద వేసుకుంటుంటే ఊరుకున్నాను చూడూ, అది అన్నిటికంటే పెద్దది."

వీధిలో సైకిలు బెల్లు ఒకటి మోగి దూరమైపోయింది.

"మామా, నీకు ఇన్ని మాటలు వచ్చా?" అంది కుట్టు పిన్ని. "ఇన్నేళ్ళూ ఎక్కడ దాచావు?"

అందరూ గొల్లుమన్నారు. పంతులమ్మ నవ్వలేదు. కుండతో వెనక్కొచ్చి కోడలి ఎదురుగా నిలబడింది, బళ్ళో పిల్లల ముందు నిలబడినట్టే.

"నువ్వెందుకు వేసుకున్నావే నీ మీద?"

కోడలు మాడిన కుండ కింద పెట్టింది. తర్వాత అంది: "మామయ్యకి మాట్లాడటం కష్టం కదండీ. అందరూ చుట్టూ నిలబడి అడుగుతుంటే నోరు పెగలకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

మామ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు, కళ్ళమీదికి లాక్కుని.

"సరే" అంది పంతులమ్మ. గొంతు కాస్త తగ్గింది. "మరి ఆ దుంపలు రోజూ పచ్చిగా ఎందుకొస్తున్నాయి? అది చెప్పు. గుమ్మం దగ్గర దుంపలు ఉడక్కపోవడం నేనెక్కడా వినలేదు."

"తిప్పడం మర్చిపోతున్నానండీ."

"కునికిపాట్లు పడుతున్నావా? కొత్త కాపురం కదా!" అంది కుట్టు పిన్ని.

"కాదు పిన్నీ." కోడలి మొహం ఎర్రబడింది. "మీ కబుర్లు వింటూ. మొన్న పంతులమ్మగారి తోడికోడలు పెళ్ళివారి ముందు కుర్చీ విరిగి పడిపోయి, పడ్డచోటే కూర్చుని 'నాకిలాగే సుఖంగా ఉంది' అందని చెప్పారు కదా. ఆ రోజు ఒక్కసారి కూడా తిప్పలేదు. బాబాయి వాళ్ళ మామగారి గడియారం ఆయన తుమ్మితేనే నడిచేదని చెప్పిన రోజు, మీరంతా లేస్తే గానీ కుండ గుర్తు రాలేదు. మా ఇంట్లో మా అమ్మా నేనూ ఇద్దరమే. ఇంతమంది ఒకేసారి మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఎవరి మాట వదులుకోవాలో తెలిసేది కాదు."

ఈసారి నవ్విన నవ్వు వేరు. గడియారాల బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. "పాతికేళ్ళు చెప్పాను ఆ తుమ్ము కబురు. ఇంత శ్రద్ధగా విన్న మనిషి లేడు" అన్నాడు.

"నిన్నెవరు వింటారు, నువ్వు చెప్పేటప్పుడే మేం కుండలు తిప్పుకునేది" అంది కుట్టు పిన్ని.

పంతులమ్మ మామ వైపు తిరిగింది.

"చూడు తమ్ముడూ. నీ మీద కోపం నాకు పోలేదు."

"పోవద్దు" అన్నాడు మామ.

"రేపు కూడా ఉంటుంది."

"ఉండనీ."

"రేపు కుండ తెస్తాను. తేకపోతే కోపం ఎక్కడ చూపించను? ఇంట్లో గోడలకా?" గింజల కుండ ఆయన చేతుల్లో పెట్టింది. "ముందు ఇవి ఉడికించే దారి చూడు. సాయంత్రానికి నాకు వెన్నలా కావాలి."

మామ తల ఊపాడు. ఆయన వాటా మాటలు అయిపోయాయి. లోపలికి పోయి నాలుగు ఎండు కట్టెలు తెచ్చి బట్టీలో వేశాడు. మధ్యాహ్నం పూట ఒక్క కుండ కోసం బట్టీ రాజెయ్యడం ఎప్పుడూ లేదు. అది చూశాక పంతులమ్మ ఇంటికి పోలేదు.

పోనిదాన్ని పస్తు కూర్చోబెడతారా? మామ పెళ్ళాం లోపల్నుంచి రెండు రొట్టెలు తెచ్చింది. కుట్టు పిన్ని తన కుండ మూకుడు తీసింది. బాబాయి తనదీ తీశాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు, ఎదురింటి మెట్లమీద ఎండలో కుండలన్నీ బారుగా కూర్చున్నాయి. ఎప్పుడూ ఇళ్ళలోకి పోయి తినేవాళ్ళు అక్కడే తినడం మొదలెట్టారు. "నీ గింజల్లో కారం ఎక్కువ", "నీ నోట్లో కంటేనా" అంటూ ఒకరి కుండలో ఒకరు రొట్టె ముంచారు.

కోడలు తన కుండ వెనక దాచుకుని కూర్చుంది. అత్తగారు అది లాక్కుని మాడిన అడుగు జోలికి పోకుండా పైపైన గరిటెతో తీసింది. పై సగం దుంపలు బంగారంలా ఉన్నాయి, వేలితో తాకితే విరిగిపోయేంత మెత్తగా. కాస్త పొగ వాసన, అంతే.

"పంతులమ్మకి పెట్టవే, ఆవిడకే అవి కావాల్సింది" అంది అత్తగారు.

కోడలు రెండు ముక్కలు మూకుట్లో వేసి రెండు చేతులతో అందించింది. కట్టెలు అంటుకున్నాక మామ బట్టీ దగ్గర్నుంచి ఇటొచ్చాడు. ఆయన ఎప్పుడూ ఆ మెట్లమీద కూర్చోలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలీక నిలబడ్డాడు.

"జరగండి, మామ కూర్చుంటాడు" అంది కుట్టు పిన్ని. అందరూ జరిగారు. ఆయన కూర్చున్నాడు. కళ్ళు మాత్రం పంతులమ్మ నోటిమీదే ఉన్నాయి.

పంతులమ్మ దుంప ముక్కని నాలుకతో పై అంగిటికి నొక్కింది. కరిగిపోయింది. రెండో ముక్కా కరిగిపోయింది. మూకుడు ముందుకి చాపింది.

"ఉప్పు తక్కువ" అంది.

"రేపు చూసి వేస్తానండీ" అంది కోడలు, ఇంకో గరిటె వేస్తూ.